బ్లాక్‌ఫిష్ వేట: ఎర, గాలం, కాలం

"జెట్టీ (సముద్రంలోకి పేర్చిన రాళ్ల కట్ట) మీద అయిదు గంటలు నిలబడ్డాం. రెండు డజన్ల పీతలు అయిపోయాయి. ఒక్క చేపా పడలేదు. తప్పు ఎక్కడ జరిగింది?" అక్టోబరు వచ్చిందంటే న్యూజెర్సీలోని తెలుగు మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఊళ్లో చెరువు గట్టున కూర్చుని కొర్రమీనులు పట్టినవాళ్లు కూడా ఇక్కడి రాళ్ల దగ్గర తెల్లమొహం వేస్తున్నారు. ఫోనులో చెప్పీ చెప్పీ అలసిపోయి, అంతా వరసగా రాసి పెడుతున్నాను.

ముందే ఒక హెచ్చరిక. బ్లాక్‌ఫిష్ అని వెతికితే ఆస్ట్రేలియా వీడియోలు కూడా వస్తాయి. అక్కడ ఆ పేరు లూడెరిక్ అనే వేరే చేపది. దానికి నాచును ఎరగా గుచ్చి, బెండు కట్టి పడతారు. ఇక్కడ చెప్పేది అమెరికా తూర్పు తీరంలో, ముఖ్యంగా కేప్ కాడ్ నుంచి చెసపీక్ అఖాతం దాకా, రాళ్లలోనూ మునిగిన ఓడల్లోనూ కాపురం ఉండే టటాగ్ గురించి. న్యూజెర్సీ, న్యూయార్క్ తీరాల్లో దాన్నే బ్లాక్‌ఫిష్ అంటారు. పొట్టిగా టాగ్ అని కూడా.

## 1. బయలుదేరే ముందు నియమాలు

ఈ భాగం దాటేసి నేరుగా ఎర దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లకండి. ఈ చేప విషయంలో తనిఖీలు గట్టిగా ఉంటాయి.

న్యూజెర్సీలో సముద్రపు వేటకు లైసెన్సు రుసుము లేదు కానీ, 16 ఏళ్లు నిండినవాళ్లు ఉచిత నమోదు చేసుకోవాలి. ప్రయాణికులను ఎక్కించుకునే పార్టీ బోటులో వెళితే ఆ నమోదు బోటువాళ్లు చూసుకుంటారు.

న్యూజెర్సీలో ఇటీవలి ఏళ్లలో నడుస్తున్న పద్ధతి ఇది:

- కనీస పొడవు 15 అంగుళాలు
- జనవరి, ఫిబ్రవరి: రోజుకు మనిషికి 4
- మార్చి: నిషేధం
- ఏప్రిల్: 4
- మే, జూన్, జూలై: నిషేధం
- ఆగస్టు 1 నుంచి నవంబరు 15: 1 మాత్రమే
- నవంబరు 16 నుంచి డిసెంబరు 31: 5

న్యూయార్క్‌లో కనీస పొడవు 16 అంగుళాలు, తేదీలు వేరు. లాంగ్ ఐలండ్ సౌండ్‌కు (ఆ దీవికి ఉత్తరాన ఉన్న సముద్రపు పాయకు) ఒక లెక్క, మిగిలిన సముద్రానికి మరో లెక్క. నియమాలు ఏ ఏడైనా మారవచ్చు కాబట్టి, బయలుదేరే వారంలో రాష్ట్ర మత్స్యశాఖ పేజీ ఒకసారి తెరిచి చూడండి. "పోయిన ఏడు ఇలాగే ఉంది కదా" అన్న మాట తనిఖీ అధికారి దగ్గర చెల్లదు.

## 2. చేప నోటిని చూడండి

ఈ చేప నోరు తెరిచి చూస్తే సగం పాఠం అక్కడే ఉంటుంది. ముందు పళ్లు మనిషి పళ్లలా పొడుగ్గా, ముందుకు పొడుచుకుని ఉంటాయి. గొంతులో మరో వరస ఉంటుంది, గుండ్రంగా, రుబ్బురాయిలా. ముందు పళ్లతో రాతిని అంటుకున్న మసెల్ అనే నత్తజాతి జీవి చిప్పనో, సందులోని పీతనో పెకలిస్తుంది. తరవాత గొంతులోకి తీసుకుని నలుస్తుంది. పెంకులు బయటికి ఉమ్మేస్తుంది.

అంటే తినడం రెండు దశల్లో జరుగుతుంది. ముందు పళ్ల దగ్గర ఎర ఉన్నప్పుడు లాగితే గాలం ఖాళీగా వస్తుంది. నలిచి ఉమ్మేశాక లాగినా ఖాళీయే. ఆ రెంటికీ మధ్య ఉన్న కొద్ది క్షణాలే మనవి.

గుర్తుంచుకోవలసిన మరో రెండు సంగతులు:

ఇది పగటి చేప. చీకటి పడగానే సందులో దూరి నిద్రపోతుంది. రాత్రంతా జెట్టీ మీద కూర్చుని చలికి వణకడంలో ప్రయోజనం లేదు.

ఇది తిరుగుబోతు కాదు. తన రాయిని వదిలి ఇసుక మీదికి ఎర కోసం రాదు. ఎరే దాని గుమ్మం దాకా వెళ్లాలి. నన్నడిగితే ఈ వేటలో ఎర కంటే, గాలం కంటే, ఖరీదైన రీలు కంటే పెద్ద విషయం ఈ చోటే.

## 3. ఏ కాలంలో ఎక్కడ

క్యాలెండరు కంటే నీటి ఉష్ణోగ్రతను నమ్మండి. 50 నుంచి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఈ చేప ఆకలి బాగా ఉంటుంది. తీరంలో నీటి మీద తేలే బోయాల (కొలత పరికరాల) లెక్కలు ఫోనులోనే చూసుకోవచ్చు.

ఏప్రిల్: చలికాలం లోతుల్లో గడిపిన చేపలు, నీళ్లు 50 డిగ్రీలకు చేరే వేళకు తీరంవైపు జరుగుతాయి. ఇంకా బద్ధకం వదలదు. గట్టి పీత కంటే మెత్తని క్లామ్ (రెండు చిప్పల ఆల్చిప్ప) మాంసం, సముద్రపు పురుగులు బాగా పనిచేసే కాలం ఇదొక్కటే. ఎండ తగిలి త్వరగా వేడెక్కే లోతు తక్కువ చోట్లు, మధ్యాహ్నం వేళలు చూసుకోండి.

మే నుంచి జూలై: గుడ్లు పెట్టే కాలం. న్యూజెర్సీలో మూసి ఉంటుంది. పొరపాటున పడితే వెంటనే వదిలేయాలి.

ఆగస్టు, సెప్టెంబరు: రోజుకు ఒక్కటే. నీళ్లు వెచ్చగా ఉంటాయి, ఎరదొంగ చేపలు లెక్కలేనన్ని. నేర్చుకోవడానికి మాత్రం ఇది మంచి కాలం. చలి లేదు, పీతలు చవక, కాటు చదవడం సాధన చేసుకోవచ్చు.

అక్టోబరు నుంచి నవంబరు మధ్య దాకా: జెట్టీల మీద నిలబడేవాళ్లకు పండగ రోజులు. 10 నుంచి 30 అడుగుల నీళ్లలోనే మంచి చేపలు ఉంటాయి. ఒక్కటే తీసుకెళ్లాలి కాబట్టి, మొదటి 15 అంగుళాల చేపకే సంబరపడి బుట్టలో వేయకండి.

నవంబరు 16 తరవాత: అసలు సందడి బోట్ల మీద. నీళ్లు చల్లబడేకొద్దీ చేపలు 40, 60, 80 అడుగుల లోతుకు జరుగుతాయి. కృత్రిమ దిబ్బలు, మునిగిన ఓడలు వాటి చలికాలపు ఇళ్లు. న్యూజెర్సీ 1984 నుంచి ఇలాంటి దిబ్బలను పనిగట్టుకుని కడుతోంది. పాత ఓడలు, కాంక్రీటు, బండరాళ్లు, చివరికి న్యూయార్క్ సబ్‌వే పెట్టెలు కూడా సముద్రంలో దింపారు. సీ గర్ట్ దిబ్బ, యాక్సెల్ కార్ల్‌సన్ దిబ్బ పేర్లు బోటువాళ్ల నోట తరచూ వింటారు.

జనవరి, ఫిబ్రవరి: లోతు వంద అడుగులు దాటవచ్చు. నీళ్లు 40 డిగ్రీల వైపు దిగేకొద్దీ కాట్లు తగ్గుతాయి. పడే చేపలు మాత్రం పెద్దవి. ప్రపంచ రికార్డు చేప, 28 పౌన్ల 13 ఔన్సులది, 2015 జనవరిలోనే మేరీలాండ్‌లోని ఓషన్ సిటీ దగ్గర పడింది. చలికి తట్టుకోగలిగితేనే వెళ్లండి.

## 4. ఎర: పీతను ఎంచడం, దాచడం, కోయడం

ఏ పీత ఎప్పుడు:

- ఆకుపచ్చ పీత: దుకాణాల్లో దొరికే అసలైన ఎర. శరదృతువు అంతా దీనితోనే గడిచిపోతుంది. అరచేతి మధ్యలో పట్టేంత సైజు చాలు.
- తెల్లకాళ్ల పీత: ధర ఎక్కువ, పెంకు కాస్త మెత్తన. చలికాలంలో పెద్ద చేప కోసం.
- ఆసియా తీరపీత: చిన్నది, ఉచితం. 1988లో న్యూజెర్సీలోని కేప్ మే కౌంటీలో, టౌన్సెండ్స్ ఇన్‌లెట్ దగ్గర, అమెరికాలో మొదటిసారి కనిపించింది. ఇప్పుడు జెట్టీ పక్కన ఏ రాయి ఎత్తినా పది పరుగులు తీస్తాయి. జిగ్గుకు (సీసం, గాలం ఒకటిగా ఉండేది) ఒకటీ రెండూ కలిపి గుచ్చవచ్చు.
- సన్యాసి పీత: గుల్ల పగలగొట్టి తీయాలి. శ్రమే కానీ, కాట్లు లేని రోజున దీన్ని మించినది లేదు.
- క్లామ్: ఏప్రిల్‌లో మాత్రమే. మిగతా కాలంలో ఇది ఎరదొంగలకు పెట్టే అన్నదానం.

ఎన్ని కావాలి? జెట్టీ మీద అయిదారు గంటలకు మనిషికి రెండు మూడు డజన్లు. పార్టీ బోటులో ఆకుపచ్చ పీతలు సాధారణంగా టికెట్టుతోనే ఇస్తారు, తెల్లకాళ్ల పీత కావాలంటే విడిగా కొనుక్కోవాలి.

దాచడంలో చాలామంది చేసే తప్పు, బకెట్టులో నీళ్లు పోసి పీతలను అందులో వేయడం. నిలవ నీటిలో ఊపిరాడక గంటల్లో చస్తాయి. కుళాయి నీళ్లు పోస్తే ఇంకా త్వరగా. గాలి ఆడే డబ్బా తీసుకుని, సముద్రపు నీటిలో తడిపిన గోనెసంచి గానీ వార్తాపత్రిక గానీ కప్పి, చల్లటి చోట ఉంచండి. ఐసు వాడితే కరిగిన నీరు పీతలకు తగలకుండా అడ్డు పెట్టండి. ఇలా ఉంచితే రెండు మూడు రోజులు ఉషారుగా ఉంటాయి. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టాలనుకుంటే మూత బిగుతుగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. కొత్తిమీర కట్టల మధ్య పీత నడుస్తూ కనిపించిన ఉదయం మా ఇంట్లో ఇప్పటికీ సామెతగా చెప్పుకుంటారు.

ఇక కోయడం. మన ఇళ్లలో పీతల ఇగురు చేసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు, ఒక్క తేడా తప్ప: ఇక్కడ పైడిప్ప ఊడదీయకూడదు.

1. పీతను వెనక వైపు నుంచి, బొటనవేలు కింద, చూపుడువేలు పైన వచ్చేలా పట్టుకోండి. అక్కడ దాని గోళ్లు అందవు.
2. ముందరి రెండు పెద్ద గోళ్లను మొదలంటా తుంచేయండి.
3. గట్టి కత్తెరతో, రెండు కళ్ల మధ్య నుంచి వెనక దాకా నిలువునా రెండు ముక్కలు చేయండి. ప్రతి ముక్కకూ ఒక వైపు కాళ్లన్నీ ఉండాలి.
4. కాళ్లను సగానికి కత్తిరించండి, మొదళ్లు మిగలాలి. పొడుగు కాళ్లు ఉంటే ఎరదొంగలు వాటిని పట్టుకుని లాగుతాయి.
5. వెనకటి కాళ్లలో ఒకదాన్ని పూర్తిగా పీకేయండి. ఆ రంధ్రం గుండా గాలం దించి, పక్క కాలి మొదలు దగ్గర మొన బయటికి తీయండి.
6. మొన పూర్తిగా బయట కనిపించాలి. గాలం డిప్పలో కూరుకుపోతే, ఎంత బలంగా లాగినా చేప మూతికి తగలదు.

డిప్పను ఎందుకు ఉంచాలి? బర్గాల్ అనే చిన్న చేపలు, పోర్గీలు, బ్లాక్ సీ బాస్ పిల్లలు మెత్తని మాంసాన్ని నిమిషంలో ఊడ్చేస్తాయి. డిప్ప వాటికి అడ్డుగోడ. బ్లాక్‌ఫిష్‌కు అది అడ్డే కాదు. ఎరదొంగలు లేని చలికాలంలో మాత్రం డిప్పను కత్తెర మడమతో ఒకసారి చితక్కొట్టండి, రసం నీటిలో కలుస్తుంది.

ఎర రంగు పోయి తెల్లబడితే మార్చేయండి. కాటు లేకపోయినా పది, పదిహేను నిమిషాలకు ఒకసారి తీసి చూడాలి. వట్టి డిప్పతో అరగంట వేటాడినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో నేనూ ఉన్నాను.

మిగిలిన పీతలను వేరే నీళ్లలో వదలకండి. ఆకుపచ్చ పీత, ఆసియా తీరపీత రెండూ పరాయి జాతులు. చంపి చెత్తలో వేయండి.

## 5. పనిముట్లు

గొప్పగా ఖర్చు పెట్టనక్కరలేదు. గట్టిదనం ముఖ్యం.

జెట్టీకి:
- 7 నుంచి 8 అడుగుల గాలపు కర్ర (రాడ్). కొన సున్నితంగా ఉండి, నడుము గట్టిగా ఉండాలి
- 4000 సైజు స్పిన్నింగ్ రీలు
- 30 పౌన్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (పోగులు అల్లిన) దారం
- అర ఔన్సు నుంచి ఒకటిన్నర ఔన్సు జిగ్గులు, 2, 3 ఔన్సుల సీసపు గుండ్లు

బోటుకు:
- ఏడడుగుల కర్ర, జెట్టీ కర్ర కంటే ఇంకాస్త మొద్దుది
- అడ్డంగా తిరిగే కన్వెన్షనల్ రీలు
- 40 నుంచి 50 పౌన్ల బ్రెయిడ్
- 4 నుంచి 12 ఔన్సుల సీసపు గుండ్లు, ఒక్కో బరువులో కనీసం నాలుగు

రెండింటికీ:
- లీడరు దారం (అసలు దారం చివర కట్టే ముక్క): 40 నుంచి 50 పౌన్ల మోనో (ఒంటిపోగు దారం) లేదా ఫ్లోరోకార్బన్
- ఆక్టోపస్ ఆకారపు గాలాలు, 3/0 నుంచి 5/0 దాకా
- కత్తెర, శ్రావణం, కొలబద్ద, తడి గుడ్డ

నైలాన్ దారం రీలు నిండా ఉంది కదా అని దానితోనే వెళ్లకండి. నైలాన్ సాగుతుంది. 60 అడుగుల లోతులో చేప తట్టిన తట్టు ఆ సాగుడులో మాయమైపోతుంది. చేపను మొదటి మూడడుగులు ఎత్తేలోపే అది సందులో దూరుతుంది. బ్రెయిడ్ సాగదు. కానీ రాతికి రాసుకుంటే ఇట్టే తెగుతుంది, అందుకే చివర లీడరు.

## 6. గాలం కట్టే వరస

దుకాణంలో దొరికే రెండు మూడు గాలాల కట్లు, పూసలు, రంగు పీలికలు ఏవీ వద్దు. ఎంత సామాను కడితే అంత రాతిలో ఇరుక్కుంటుంది.

1. మూడడుగుల లీడరు తీసుకోండి. ఒక చివరను బ్రెయిడ్‌కు యూనీ ముడితో కలపండి. ఆ ముడి చేతకాకపోతే చిన్న స్వివెల్ (తిరిగే లోహపు కొలికి) వాడండి, తప్పు లేదు.
2. రెండో చివరకు, 15 లేదా 20 పౌన్ల సన్న దారంతో చిన్న ఉచ్చు కట్టి, దానికి సీసం తగిలించండి. సీసం ఇరుక్కుంటే ఆ సన్న దారమే తెగుతుంది. గాలం, చేప రెండూ మిగులుతాయి.
3. సీసానికి అయిదారు అంగుళాల పైన, లీడరులోనే డ్రాపర్ ఉచ్చు (దారం మధ్యలో పక్కకు నిలిచే ఉచ్చు) వేయండి.
4. అయిదారు అంగుళాల దారానికి స్నెల్ ముడితో (గాలం కాడకు దారం చుట్టే ముడి) గాలం కట్టి, ఆ ఉచ్చులోంచి దూర్చి బిగించండి.
5. ముళ్లన్నీ ఉమ్మితో తడిపి బిగించండి. పొడిగా బిగిస్తే దారం కాలి బలహీనపడుతుంది.

ఇలాంటివి ఇంట్లో కూర్చుని డజను కట్టి, ఒక్కొక్కటి చిన్న సంచిలో వేసుకోండి. డిసెంబరు గాలిలో, ఊగే బోటు మీద, మొద్దుబారిన వేళ్లతో స్నెల్ ముడి వేయడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకు తెలుసు.

జిగ్గు అయితే ఈ గొడవే లేదు. సీసం, గాలం ఒకటే. నేరుగా లీడరుకు కట్టి, సగం పీత గానీ చిన్న పీత మొత్తంగా గానీ గుచ్చడమే. లోతు 40 అడుగులలోపు, నీటి లాగుడు తక్కువగా ఉంటే నేను జిగ్గే వాడతాను. అటుపైన సీసం కట్టే నయం.

## 7. చోటు పట్టడం

జెట్టీ మీద: బలం చూపించి దూరంగా విసరకండి. యాభై గజాల అవతల ఉన్నది ఇసుక. చేప మీ కాళ్ల కింద, రాళ్లు నీటి అడుగును కలిసే అంచులో ఉంది. కర్ర చాచి, దారం నిలువుగా దించండి. పది నిమిషాల్లో కాటు లేకపోతే రెండడుగులు పక్కకు జరగండి. ఇలా రాయి రాయికీ వెతుకుతూ పోవాలి.

బార్నెగట్, మనాస్క్వాన్ ఇన్‌లెట్ల వంటి చోట్ల, అంటే సముద్రం నుంచి లోపలికి వచ్చే ఇరుకు దారుల్లో, నీళ్లు ఏరులా పరుగెత్తుతాయి. పోటు ఆటుగా మారే ముందు గంట, మారిన తరవాత గంట, నీరు నెమ్మదిస్తుంది. ఆ రెండు గంటల కోసమే వెళ్లండి. మిగతా వేళల్లో సీసం నిలవదు.

భద్రత గురించి చెప్పక తప్పదు. నాచు పట్టిన రాయి సబ్బు పూసిన గచ్చులా ఉంటుంది. ఇనుప మేకులున్న తొడుగులు బూట్లకు వేసుకోండి, మామూలు క్రీడా బూట్లతో వెళ్లకండి. లైఫ్ జాకెట్ వేసుకోండి. ఒంటరిగా వెళ్లకండి. రాళ్లు తడిగా నల్లగా మెరుస్తున్నాయంటే అల అక్కడి దాకా వస్తున్నట్టే. పిల్లలను చివరి దాకా తీసుకెళ్లవద్దు.

బోటు మీద: సొంత బోటు ఉన్నవాళ్లకు లంగరు వేయడమే అసలు విద్య. గాలినీ లాగుడునూ లెక్కగట్టి, దిబ్బకు ఎగువన లంగరు దించి, లంగరు తాడు వదులుతూ సరిగ్గా దిబ్బ పైకి రావాలి. పది అడుగులు పక్కకు పోతే ఆ రోజు పోయినట్టే. ఒకే రైలింగు దగ్గర ముందున్నాయన వరసగా పడుతుంటే వెనకున్నవాళ్లకు ఒక్కటీ లేకపోవడం మామూలే. అది అదృష్టం కాదు, ఆయన సీసం బండ మీద ఉంది, వీళ్లది ఇసుక మీద.

పార్టీ బోటులో మొదటిసారి వెళ్లేవాళ్లు కర్ర అద్దెకు తీసుకోండి. కింద ఎలా ఉందో సీసంతో తట్టి చూడండి. గట్టిగా టక్కుమంటే బండ, మెత్తగా దిగితే ఇసుక. ఇసుక తగిలితే నడుము కింది నుంచి కొద్దిగా విసిరి గట్టి చోటు వెతకండి. దొరికాక ఇక కదపకండి.

## 8. కాటు చదవడం

చెరువులో బెండు మునిగితే లాగుతాం. ఇక్కడ బెండు లేదు. కొర్రమీను కప్పను మింగేదాకా ఆగినట్టు ఆగితే, మిగిలేది పీత డిప్ప. ఊరి అలవాట్లు రెండూ ఇక్కడ దెబ్బతీస్తాయి.

నా మొదటి నవంబరులో ప్రతి తట్టుకూ కర్ర ఎగరేశాను. పద్దెనిమిది పీతలు పోయాయి. పక్కనున్న పెద్దాయన అప్పటికే నాలుగు పట్టి, జాలిపడి, నా కర్ర కింద తన వేలు పెట్టాడు. తట్టు వచ్చినప్పుడల్లా "ఇది కాదు, ఇది కాదు" అన్నట్టు తల ఊపాడు. తరవాత కర్ర కొన తట్టినట్టు కాక, ఎవరో తడిబట్ట వేలాడదీసినట్టు, నెమ్మదిగా బరువెక్కింది. వేలితో పైకి పొడిచాడు. అంతే.

ఆ రోజు నేర్చుకున్నది ఈ వరస:

1. సీసం అడుగున ఆనాక, దారం బిగుతుగా, కానీ సీసం లేవకుండా పట్టుకోండి. కర్ర కొన నీటివైపు వంచి ఉంచండి.
2. గబగబా టకటకమంటే ఎరదొంగ. పట్టించుకోకండి.
3. గట్టిగా, తెరిపి ఇచ్చి టక్, టక్ అంటే బ్లాక్‌ఫిష్ ముందు పళ్లతో పీతను పట్టింది. ఇంకా ఆగండి. దారం అసలు కదపకండి.
4. తట్లు ఆగి బరువు తెలిసిన క్షణంలో, లేదా దారం పక్కకు జరిగిన క్షణంలో, కర్రను ఒక్కసారిగా భుజం దాకా ఎత్తండి.
5. ఎత్తిన చేయి దించకుండానే రీలు తిప్పండి. మొదటి అయిదడుగులు దయ చూపకండి. డ్రాగ్ (చేప లాగినప్పుడు దారం వదిలే రీలు బిగువు) దాదాపు పూర్తిగా బిగించి ఉండాలి.

ఎన్ని తట్ల తరవాత లాగాలని అడుగుతారు. కొందరు రెండంటారు, కొందరు మూడంటారు. నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడు మొదటి గట్టి తట్టుకే మింగేస్తుంది, చల్లగా ఉంటే అరనిమిషం నములుతుంది. కాబట్టి లెక్క పెట్టకండి, బరువు చూడండి.

చేప సందులో దూరితే లాగి లాగి దారం తెంచుకోకండి. దారం పూర్తిగా వదులు చేసి ఒకటి రెండు నిమిషాలు ఊరుకోండి. ప్రమాదం పోయిందనుకుని చాలాసార్లు అదే బయటికి వస్తుంది. దారం కదలగానే మళ్లీ ఎత్తండి.

## 9. పైకి వచ్చాక

పెద్ద చేపను దారం పట్టుకుని ఎత్తవద్దు, వల వాడండి. కొలబద్ద మీద పెట్టి, మూతి నుంచి తోక చివరి దాకా కొలవండి. 15కు వెంట్రుకవాసి తక్కువైనా నీళ్లలోకే.

వదిలే చేపను తడి చేతులతోనే పట్టుకోండి. దాని ఒంటి జిగురే దానికి కవచం. నోట్లో వేలు పెట్టకండి, పీత డిప్పలు నలిచే పళ్లవి.

ఇది చాలా నెమ్మదిగా పెరిగే చేప. ముప్పయ్యేళ్లకు పైగా బతికినవి ఉన్నాయి. పదేసి పౌన్ల ముసలి చేపలను ఫోటో తీసుకుని వదిలేయమని నా మనవి. వాటికంటే మూడు, నాలుగు పౌన్లవే రుచి.

## 10. తప్పులు, మందులు

ఎర మాటిమాటికీ ఖాళీ అవుతోంది: తొందరగా లాగుతున్నారు, లేదా గాలం మొన డిప్పలో కూరుకుంది. ముందు మొన చూసుకోండి.

నిమిషానికో ఎర పోతోంది, గట్టి తట్టు లేదు: అవి బర్గాల్స్. పీత ముక్క పెద్దది చేయండి, డిప్ప ఉంచండి, రెండడుగులు జరగండి.

ఒక్క సీసమూ పోలేదు, ఒక్క కాటూ లేదు: ఇసుక మీద ఉన్నారు. ఈ వేటలో సీసపు గుండ్లు పోకపోవడం శుభసూచన కాదు.

ప్రతిసారీ ఇరుక్కుంటోంది: సీసాన్ని ఈడుస్తున్నారు. దించిన చోటే ఉంచండి, జరగాలంటే పైకెత్తి జరపండి. జెట్టీ మీద అయితే జిగ్గుకు మారండి.

చేప తగిలి సగంలో జారిపోతోంది: గాలం మొన మొద్దుబారింది. గోటి మీద గీరి చూడండి. జారితే మార్చండి. రాతికి తగిలిన ప్రతిసారీ ఇది చేయాలి.

లీడరు తెగుతోంది: వేళ్లతో తడిమి చూడండి. గరుకు తగిలిన చోటు దాకా కోసేసి మళ్లీ కట్టండి.

పక్కవాళ్ల దారంతో చిక్కు పడుతోంది: సీసం బరువు తక్కువై నీటి లాగుడుకు కొట్టుకుపోతోంది. పక్కవాళ్లు ఎన్ని ఔన్సులు వేశారో అడిగి అంతే వేయండి.

## 11. ముందురోజు రాత్రి చూసుకోవలసినవి

- ఈ వారం నియమాలు, నమోదు కాగితం ఫోనులో
- ఆటుపోట్ల వేళలు, గాలి, అలల ఎత్తు
- బతికున్న పీతలు, తడి గోనె
- కట్టి ఉంచిన డజను గాలాలు, డజను సీసపు గుండ్లు
- కత్తెర, శ్రావణం, కొలబద్ద, వల
- మేకుల తొడుగులు, లైఫ్ జాకెట్, ఒక జత అదనపు మేజోళ్లు
- ఐసు పెట్టె
- వాంతుల మాత్ర, బోటు కదలడానికి గంట ముందే వేసుకోవాలి
- ఫ్లాస్కులో టీ, పులిహోర (నిమ్మకాయది కాదు, చింతపండుది, చలిలో అదే బాగుంటుంది)

## 12. ఇంటికి తెచ్చాక

మొప్పల కింద కోసి రక్తం పోనిచ్చి, వెంటనే ఐసులో పెట్టండి. తీరం చేరేదాకా ముక్కలు చేయకండి, పొడవు కొలవడానికి చేప మొత్తంగా ఉండాలి.

తోలు మందం, జిగురు ఎక్కువ. పొలుసు తీస్తూ కూర్చోకుండా, రాళ్ల ఉప్పు రుద్ది కడిగి, ముళ్లకు పక్కగా కోసి, తోలు ఒలిచేయడమే తేలిక. మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది. పులుసులో విడిపోదు, అందుకే మన వంటకు ఇది బాగా కుదురుతుంది. చింతపండు పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక ముక్కలు వేసి, పది నిమిషాలు దాటకుండా దించండి. గరిటె పెట్టకుండా గిన్నెనే తిప్పండి. తలను విడిగా వండండి, బుగ్గల్లోని రెండు ముక్కలు ఇంటి పెద్దవాళ్లకు.

పొయ్యి మీద పులుసు మరుగుతుండగా కర్రనూ రీలునూ కుళాయి కింద మంచినీళ్లతో, గట్టి ధార తగలకుండా, కడిగి ఆరబెట్టండి. ఉప్పు రాత్రంతా ఉంటే వచ్చే ఆదివారానికి రీలు తిరగదు.